ఈ చొక్కా ఎవరు కొన్నారు? టీనేజ్ సినిమాలో దుస్తులతో పాత్రను చెప్పే పద్ధతి

షార్ట్ ఫిల్ములు, చిన్న సినిమాలు తీసే కుర్రవాళ్లు నన్ను తరచూ ఒకే ప్రశ్న అడుగుతారు. "మా హీరోయిన్ ఇంటర్ చదువుతుంది, కొంచెం తిరగబడే స్వభావం. ఏ రంగు డ్రెస్ వేయాలి?" రంగు సంగతి తర్వాత. ముందు తేల్చుకోవలసింది ఆమె బట్టలు ఎవరు కొంటారన్నది.

పెద్దవాళ్ల కథలో పాత్ర తన డబ్బుతో, తన ఇష్టంతో బట్టలు కొనుక్కుంటుంది. పదహారేళ్ల పాత్రకు ఆ వీలు ఉండదు. యూనిఫాం బడి నిర్ణయిస్తుంది. పండుగ బట్టలు అమ్మ తెస్తుంది. ప్యాంటు ఎంత పొడుగు కుట్టాలో నాన్న దర్జీకి చెబుతాడు. అక్కకు బిగుతైన డ్రెస్సులు చెల్లికి దిగి వస్తాయి. పిల్లల చేతిలో మిగిలేది చాలా కొద్ది: చొక్కా చేతులు ఎంత పైకి మడవాలి, చున్నీ ఎక్కడ పిన్ను పెట్టాలి, బ్యాగుకు ఏం వేలాడదీయాలి. పాత్ర కనబడేది ఆ కొద్దిలోనే. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

ఉదాహరణకు ఒక చిన్న కథ అనుకుందాం. పట్టణంలో ఒక జూనియర్ కాలేజీ, పది రోజుల షూటింగ్, మూడు ప్రధాన పాత్రలు. అక్క బట్టలు వేసుకునే చిన్నకూతురు ఒకరు. పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే కుర్రాడు ఇంకొకరు. బట్టల కొట్టు యజమాని కొడుకు మూడోవాడు.

1. ముందు పట్టిక, తర్వాతే దుకాణం

స్క్రిప్టు చేతికి రాగానే బజారుకు పరుగెత్తవద్దు. కథ ఎన్ని రోజుల్లో జరుగుతుందో లెక్కపెట్టండి. షూటింగ్ రోజులు కాదు, కథలోని రోజులు. నలభై సీన్ల కథలో కథారోజులు పద్నాలుగే ఉండవచ్చు. ఒక పాత్రకు ఎన్ని జతలు కావాలో ఆ సంఖ్యే చెబుతుంది.

ఒక నోటుపుస్తకంలో లేదా స్ప్రెడ్‌షీట్‌లో ఈ గడులు గీయండి:

- సీను నంబరు, కథారోజు, పొద్దునా సాయంత్రమా
- నెల (జూన్‌లో కొత్త యూనిఫాం, మార్చికి అదే యూనిఫాం పొట్టి)
- పాత్ర, జత నంబరు (చిన్నకూతురు 1, చిన్నకూతురు 2)
- చెప్పులు, బ్యాగు, వాచీ, జడ, ఐడీ కార్డు
- బట్టల స్థితి: ఇస్త్రీ, నలిగింది, తడిసింది, ఇంకు మరక
- ఈ సీన్లో బట్టలకు ఏమైనా జరుగుతుందా

చివరి గడిని చాలామంది వదిలేస్తారు. వర్షం, కొట్లాట, ఒలికిన సాంబారు, హోలీ రంగులు ఇలాంటివి ఉన్న సీన్లన్నిటికీ ఎర్ర గుర్తు పెట్టండి. ఆ జత కనీసం మూడు కొనాలి. ఒకటి చెడకముందు షాట్లకు, ఒకటి చెడ్డాక షాట్లకు, ఒకటి రెండో టేకుకు.

పట్టికలో నెలల గడి ఎందుకంటే, టీనేజ్ కథలో కాలం గడిచిందని చెప్పడానికి తెరమీద అక్షరాలు వేయనక్కరలేదు. పిల్లలు పెరుగుతారు. జూన్‌లో "పెరిగే వయసు" అని వదులుగా కుట్టించిన ప్యాంటు చలికాలానికి సరిపోతుంది, పరీక్షల నాటికి చీలమండ కనిపిస్తుంది. ఒకే కొలతల ప్యాంటును మూడు పొడుగుల్లో కుట్టించండి. ఖర్చు కొద్ది, ఫలితం ఎక్కువ.

2. ప్రతి బట్టకూ నాలుగు ప్రశ్నలు

పట్టికలో ఒక్కో వస్తువు దగ్గర ఆగి ఈ నాలుగూ అడగండి. జవాబు ఒక్క వాక్యంలో రాయండి.

- ఎవరు కొన్నారు?
- ఎప్పుడు, దేనికోసం కొన్నారు?
- ఇంట్లో దీన్ని ఎవరు ఉతుకుతారు?
- ఈ పాత్ర దీనిలో తనకు తానుగా ఏం మార్చుకుంది?

మన మూడు పాత్రల మీద ప్రయోగించి చూద్దాం. బట్టల కొట్టు కొడుకు ధనవంతుడు కాబట్టి ఖరీదైన బ్రాండ్లు వేద్దామన్నది మొదటి ఆలోచన. నాలుగు ప్రశ్నలు అడిగితే వేరే మనిషి బయటికి వస్తాడు. వాడి చొక్కాలన్నీ కొత్తవే, మడత గీతలు కూడా పోలేదు. కానీ అన్నీ కొట్టులో అమ్ముడుపోని సరుకు. పోయినేడాది డిజైన్లు, ఎవరూ అడగని రంగులు, ఒక సైజు పెద్దవి. వాడు మార్చుకున్నది ఒకటే: కాలేజీ దాకా వెళ్లి, గేటు ముందు పైచొక్కా విప్పి లోపలి టీషర్టుతో లోపలికి వెళతాడు. ఒక్క డైలాగు లేకుండా వాడి ఇల్లు, నాన్న, సిగ్గు మూడూ తెలిసిపోయాయి.

హాస్టల్ కుర్రాడి బట్టలు ఎవరు ఉతుకుతారు? వాడే, ఆదివారం, బకెట్లో. కాబట్టి శుక్ర శనివారాల సీన్లలో వాడి కాలరు మాసి ఉండాలి, సోమవారం తెల్లగా ఉన్నా ఇస్త్రీ ఉండకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే ఆ పాత్రకు ప్రాణం వస్తుంది.

3. అసలు పిల్లలను చూసి రండి

నెట్‌లో బొమ్మలు ఏరడం కన్నా రెండు సాయంత్రాలు కాలేజీ బస్టాపులో నిలబడటం మేలు. ఫోటోలు మాత్రం తీయవద్దు. పిల్లలు, పైగా అపరిచితులు. చూసి, పక్కకు వచ్చి రాసుకోండి.

ఏం చూడాలి? ఐడీ కార్డు తాడు మెడలో ఉందా, జేబులో దూర్చారా, వేలికి చుట్టి తిప్పుతున్నారా. బ్యాగు రెండు భుజాలకా, ఒకదానికా. రెండు జడలు మడిచి రిబ్బను కట్టుకునే బడిపిల్ల ఇంటర్‌లో చేరాక ఆ జడను ఏం చేసింది. బూట్ల మడమ తొక్కి చెప్పుల్లా ఈడ్చుకుంటూ నడుస్తున్నది ఎవరు.

కథ పాత కాలానిదైతే మీకు దొరికే గొప్ప ఆధారం పదో తరగతి గ్రూప్ ఫోటో. బంధువుల ఇళ్లలో అడగండి, ఒప్పుకుంటే ఫోనుతో తీసుకుని పెద్దది చేసి చూడండి. ముందు వరుసలో కూర్చున్నవాళ్ల కాళ్లను ముఖ్యంగా గమనించండి. ఎవరికి బూట్లు, ఎవరికి హవాయి చెప్పులు, ఎవరు వేళ్లు ముడుచుకుని దాచుకుంటున్నారు.

ఊరు, సంవత్సరం తప్పకుండా సరిచూసుకోండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020లో మొదలైన జగనన్న విద్యా కానుక కిట్టులో మూడు జతల యూనిఫాం గుడ్డ, బూట్లు, సాక్సులు, బెల్టు, బ్యాగు ఉండేవి. 2021లో అక్కడి ప్రభుత్వ బడి కథ తీస్తూ క్లాసంతటికీ చిరిగిన గోనెసంచి బ్యాగులు తగిలిస్తే చూసేవాళ్లు నవ్వుతారు. అదే కథలో ఒక్క పిల్లవాడు మాత్రం బూట్లు లేకుండా వస్తే అది ప్రశ్న అవుతుంది, ఆ బూట్లు ఏమయ్యాయని. అలాంటి ప్రశ్నే మీకు కావాలి. ఇంకో సంగతి: యూనిఫాం గుడ్డగా వచ్చినప్పుడు ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో దర్జీ దగ్గర కుట్టిస్తారు. అందుకే రంగు ఒకటే అయినా కాలరు, జేబు, పొడుగు ఒక్కరివి ఒక్కోలా ఉంటాయి. నలభై మందికీ ఒకే కుట్టు ఉంటే అది కార్పొరేట్ కాలేజీలా కనిపిస్తుంది.

పరీక్షల సీన్లు ఉంటే నిబంధనలు చదవండి. నీట్ పరీక్షకు పొడుగు చేతుల చొక్కాలు, బూట్లు పనికిరావు. సగం చేతుల చొక్కా, చెప్పులతో వెళ్లాలి. హీరోను ఫుల్‌హ్యాండ్స్ మడిచి స్టైలుగా పరీక్ష హాల్లోకి నడిపించిన సీను ఒకటి చూశాను. ఆ పరీక్ష రాసిన పిల్లలు పక్క సీట్లో కూర్చుని పకపకా నవ్వారు.

4. యూనిఫాంలో మనిషిని పట్టుకోవడం

"అందరికీ ఒకే బట్టలు కదా, ఇక పాత్ర ఎక్కడ?" అని నిరాశపడేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం యూనిఫాం సినిమాలే ఇష్టం. తెల్ల కాగితం మీద చిన్న చుక్క కూడా కనిపిస్తుంది.

యూనిఫాంలో తేడా చూపగల చోట్లు ఇవి. అన్నీ వాడవద్దు, ఒక్కో పాత్రకు రెండు చాలు.

- కాలరు పైబొత్తాం: పెట్టుకున్నారా, తీశారా, ఊడిపోయి పిన్నీసు ఉందా
- చొక్కా చేతుల మడత: ఎన్నిసార్లు, ఎంత నీటుగా
- టక్కు: పూర్తిగా, ముందు మాత్రమే, టీచరు కనిపించినప్పుడు మాత్రమే
- చున్నీ: రెండు భుజాలకూ వి ఆకారంలో పిన్ను, ఒకవైపు, బ్యాగులో
- లోపలి బనియను: తెల్ల చొక్కా కింద కనిపించే రంగు
- బెల్టు: చివరి రంధ్రం తర్వాత మేకుతో పొడిచిన ఇంకో రంధ్రం
- వాచీ: నాన్నది, పట్టీ వదులు
- చేతికి దారం, తావీజు, సిలువ గొలుసు, చెవిపోగులు

తెలుపు అన్నది ఒక్క రంగు కాదు. ఇంట్లో అమ్మ నీలిమందు ఎక్కువ వేస్తే చొక్కా నీలంగా తేలుతుంది, అక్కడక్కడా మచ్చలు కూడా పడతాయి. బోరునీళ్లలో ఉతికితే పసుపు తిరుగుతుంది. హాస్టల్ బకెట్లో నల్ల ప్యాంటుతో కలిపి నానబెడితే బూడిద రంగు వస్తుంది. మన మూడు పాత్రలది యూనిఫాం కాలేజీ అనుకుని, వాళ్లకు ఈ మూడు తెలుపులు ఇచ్చి పక్కపక్కన కూర్చోబెట్టి చూడండి. ప్రేక్షకుడు గుర్తుపట్టి చెప్పలేడు, కానీ ముగ్గురూ మూడు ఇళ్ల నుంచి వచ్చారని అతనికి తెలుస్తుంది.

గుంపులో ప్రధాన పాత్ర కనబడటం లేదని దర్శకుడు అంటే, ఆ పాత్రకు ఎర్ర బ్యాగు తగిలించే ముందు చుట్టూ ఉన్న పిల్లల బ్యాగుల్లోంచి ఎరుపు తీసేయండి. వెనక పిల్లలకు నలుపు, బూడిద, ముదురు నీలం బ్యాగులు ఇస్తే ముందున్న అమ్మాయి మామూలు ఆకుపచ్చ బ్యాగు కూడా కళ్లకు కడుతుంది.

5. యూనిఫాం లేని రోజులు

పిల్లలు యూనిఫాం వదిలే రోజులను స్క్రిప్టులో వెతకండి. లేకపోతే ఒకటి పెట్టమని రచయితను అడగండి. మాటల్లో చెప్పలేనిది ఆ ఒక్క రోజు చెప్పేస్తుంది.

పుట్టినరోజు. బడికి కలర్ డ్రెస్ వేసుకుని చాక్లెట్లు పంచే రోజు. కలర్ డ్రెస్ లేక పుట్టినరోజు అని ఎవరికీ చెప్పకుండా యూనిఫాంలోనే వచ్చిన పిల్లను చూపించండి, అంతకు మించిన సీను నేను రాయలేను.

ఫేర్‌వెల్. అమ్మాయిలు చీరలు కడతారు. చీర అమ్మది, జాకెట్టు కూడా అమ్మదే, వెనక వరుసగా పిన్నీసులు. జాకెట్టు సరిగ్గా సరిపోతే సీను చచ్చిపోతుంది. దర్జీ ఎంత బతిమాలినా దాన్ని బిగించనివ్వవద్దు. కుచ్చిళ్లు ఎవరు పెట్టారో కూడా తేల్చండి. అమ్మ పెడితే నిలువుగా నిలబడతాయి, యూట్యూబ్ చూసి స్నేహితురాళ్లు పెడితే మధ్యాహ్నానికి జారతాయి. అబ్బాయిలకు బ్లేజరు అద్దెది. భుజాలు పడిపోవాలి.

అయ్యప్ప మాల. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా నల్లబట్టలతో, చెప్పులు లేకుండా కాలేజీకి వచ్చే కుర్రవాళ్లు మన దగ్గర మామూలే. స్నేహితులు అప్పటిదాకా తిట్టుకునేవాళ్లు "స్వామీ" అని పిలుస్తారు. బట్ట మారగానే పిలుపు మారే ఇలాంటి సందర్భం టీనేజ్ కథకు వరం. హాస్యానికి మాత్రమే వాడి పారేయవద్దు.

సంక్రాంతి లంగా ఓణీ, రంజాన్ కుర్తా, క్రిస్మస్ కొత్త బట్టలు: వీటిని అచ్చంగా ఆ ఇంటి పిల్లలను అడిగి తెలుసుకోండి. బుర్ఖా వేసుకుని వచ్చే అమ్మాయి దాన్ని కాలేజీలో ఎక్కడ తీసి పెడుతుంది, తీస్తుందా లేదా అన్నది ఊహించి రాసే విషయం కాదు.

6. మార్పును మెట్లుమెట్లుగా చూపించడం

కళ్లజోడు తీసి, జడ విప్పి, మెల్లగా మెట్లు దిగితే అందరూ నోరు తెరిచి చూసే సీను మీ స్క్రిప్టులో ఉంటే రచయితతో గొడవ పడండి. పదహారేళ్ల పిల్లలు ఒక్క రాత్రిలో మారరు. మార్చుకునే బట్టలు కూడా వాళ్ల దగ్గర ఉండవు.

చిన్నకూతురి మార్పును నేనైతే ఇలా అయిదు మెట్లు చేస్తాను:

- మొదటి వారం: అక్క చుడీదార్, చేతులు పొడుగు, చున్నీకి రెండు వైపులా పిన్నులు
- నెల తర్వాత: అదే చుడీదార్, చేతులు మడిచింది
- గొడవ జరిగిన రోజు: ఒక పిన్ను లేదు, చున్నీ ఒకవైపు జారింది
- అక్కతో సర్దుబాటు అయ్యాక: చేతులు కత్తిరించి తనే కుట్టుకుంది, కుట్టు వంకర
- చివర: అదే గుడ్డ, తన కొలతలకు

కొత్త బట్ట ఒక్కటీ కొనలేదు. అక్క డ్రెస్ తన డ్రెస్ అయింది, కథ కూడా అదే.

కథంతా ఒక్క రోజులో జరిగితే? 1985లో వచ్చిన "ది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్" దారి చూపిస్తుంది. అయిదుగురు విద్యార్థులు, ఒక శనివారం, బడి లైబ్రరీ. జతలు మార్చే అవకాశమే లేదు. అందుకే ఒకదానిమీద ఒకటి పొరలుగా వేసి, కథ సాగేకొద్దీ కోట్లు, జాకెట్లు విప్పిస్తారు. మన ఎండల్లో అన్ని పొరలు కుదరవు. యూనిఫాం చొక్కా, లోపల టీషర్టు, వర్షాకాలమైతే జర్కిన్, ఇంతే. అవి చాలు.

7. సరుకు ఎక్కడ దొరుకుతుంది

కొత్తవి హోల్‌సేల్‌లో కావాలంటే హైదరాబాద్ మదీనా ప్రాంతం, సికింద్రాబాద్ జనరల్ బజార్, విజయవాడ వస్త్రలత. యూనిఫాం గుడ్డ మాత్రం కథ జరిగే ఊళ్లోనే కొని, ఆ ఊరి దర్జీతోనే కుట్టించండి. కాలరు కోత ఊరిని పట్టి మారుతుంది.

పాతవి దొరకడమే కష్టం, అసలు విలువ కూడా వాటిదే. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్లు వీధుల్లో తిరుగుతారు కదా, వాళ్లను పట్టుకోండి. ఒక్క మూటలో మీ సినిమా సగం ఉంటుంది. లేదా నటుల బంధువుల పిల్లలకు కొత్త యూనిఫాం కుట్టించి ఇచ్చి పాతది తీసుకోండి. ఇద్దరికీ లాభమే. తెచ్చిన ప్రతి బట్టనూ వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేశాకే నటులకు ఇవ్వండి.

8. కొత్తదాన్ని పాతది చేయడం

అరుగుదల శరీరం రాసుకునే చోట వస్తుంది. బురద పూసి చింపితే రాదు. బ్యాగు పట్టీ కింద భుజం, కాలరు మడత, కఫ్ అంచు, బెంచీకి రాసుకునే ప్యాంటు వెనక, డెస్కుకు ఆనే మోచేతులు, పెన్ను పెట్టే జేబు అంచు. ఈ చోట్ల మాత్రమే పని చేయండి.

వరుస ఇది:

- బట్టను ముందు అయిదారుసార్లు సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి. కొత్త గంజి పోవాలి.
- సన్నని సాండ్‌పేపర్‌తో మడతల అంచులు మాత్రమే రుద్దండి. లోపల చెక్కముక్క పెట్టుకుంటే చిరగదు.
- మరీ తెల్లగా మెరిసే నూలు చొక్కాను పలుచని టీ డికాక్షన్‌లో ముంచండి. ముందు మంచినీళ్లలో పూర్తిగా తడపాలి, లేకపోతే చారలు పడతాయి. పది నిమిషాలు కలుపుతూ ఉండి తీయండి. ఆరాక రంగు తగ్గుతుంది, తడిగా ఉన్నప్పుడు చూసి భయపడవద్దు.
- పాలిస్టర్‌కు టీ రంగు దాదాపు పట్టదు. టెరికాట్‌కు కొంచెం పడుతుంది. ముక్క కత్తిరించి పరీక్షించాకే చొక్కా ముంచండి.
- ఇంకు మరక కావాలంటే జేబు అడుగున పెన్ను మూత తీసి పెట్టి ఒక పూట వదిలేయండి. చేత్తో గీసిన మరక గీసినట్టే కనిపిస్తుంది.

నాకు చాలా ఇష్టమైన గుర్తు ఒకటి చెబుతాను. ప్యాంటు పొట్టి అయినప్పుడు కింది మడత విప్పి పొడుగు పెంచుతారు. పాత మడత ఉన్నచోట గీత, దాని కింద వెలవని ముదురు పట్టీ మిగిలిపోతాయి. ఎదిగే పిల్లవాడు, పొదుపు చేసే ఇల్లు రెండూ ఆ పట్టీలో ఉన్నాయి. దీన్ని చేయాలంటే మడత పెట్టి ఉన్నప్పుడే బట్టను ఉతికి, ఎండబెట్టి, వెలిసేలా చేసి, చివర్లో విప్పాలి. క్రమం తప్పితే గుర్తు రాదు. మొదటిసారి నేను విప్పి ఉతికాను. మొత్తం ఒకేలా వెలిసిపోయి రెండు ప్యాంట్లు వృథా అయ్యాయి.

9. ఫిట్టింగ్

పదహారేళ్ల పాత్రను ఇరవై రెండేళ్ల నటుడు వేయడం మామూలు. అతణ్ని చిన్నవాడిగా చూపించడానికి భుజం కుట్టు అర అంగుళం కిందికి దించండి, కాలరులో రెండు వేళ్ల ఖాళీ ఉంచండి, నడుము బిగించవద్దు. సగం చేతులు మోచేతి దాకా వెడల్పుగా వేలాడితే చేతులు సన్నగా కనిపిస్తాయి. బ్యాగులో నిజమైన పుస్తకాలు నింపండి. బరువుకు భుజాలు వాటంతట అవే వంగుతాయి. దూది నింపిన బ్యాగుతో ఏ నటుడూ విద్యార్థిలా నడవలేడు.

నటులు మైనర్లైతే ఈ నియమాలు పెట్టుకోండి:

- ఫిట్టింగ్‌కు తల్లి లేదా తండ్రి పక్కన ఉండాలి
- తలుపు గడియ పడే గది కావాలి, బస్సు వెనక గుడ్డ పట్టుకోవడం కుదరదు
- పిన్నులు పెట్టే ముందు చెప్పి పెట్టాలి
- వద్దు అన్న బట్ట వద్దంతే

పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో షూటింగ్‌కు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి. 2017 నాటి నిబంధనల ప్రకారం రోజుకు అయిదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. ముస్తాబుకు పట్టే సమయాన్ని కూడా మీరు ఆ అయిదు గంటల్లోనే లెక్కేసుకోండి. అంటే ఆ పిల్లలకు రోజుకు రెండు జతలకు మించి పెట్టకుండా షెడ్యూలు వేయమని అసిస్టెంట్ డైరెక్టర్‌తో ముందే మాట్లాడాలి.

ఫిట్టింగ్‌లో నటుణ్ని నిలబెట్టి చూసి వదలవద్దు. బెంచీ మీద కూర్చోబెట్టండి, సైకిలు ఎక్కించండి, పరుగెత్తించండి, బోర్డు మీద చెయ్యెత్తి రాయించండి. చొక్కా ఎక్కడ ఎగురుతుందో అప్పుడు తెలుస్తుంది.

10. కెమెరా, మైకు పరీక్ష

షూటింగ్‌కు వారం ముందు జతలన్నీ వేసి, అసలు లొకేషన్లో, అసలు లైట్లో, అసలు కెమెరాతో తీసి చూడండి. కెమెరా దొరకకపోతే ఫోనుతో అయినా సరే.

సన్నని గళ్లు, సన్నని చారలు తెరమీద పురుగుల్లా కదులుతాయి. యూనిఫాం గళ్లు వేలి వెడల్పుకు తగ్గకుండా చూడండి. ఎండలో మిలమిల్లాడే తెలుపు ముఖాన్ని మింగేస్తుంది, దానికి టీ వైద్యం చెప్పాను. లేత నీలం గోడ ముందు లేత నీలం చొక్కా వేస్తే మనిషి మాయమవుతాడు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ గోడలకు ఏ రంగు వేస్తోందో ముందే కనుక్కోండి. ఈ ఒక్క ఫోను చేయక ఎన్ని సినిమాల్లో హీరోయిన్లు కర్టెన్లలో కలిసిపోయారో.

మైకుకు శత్రువులు గంజిపెట్టిన నూలు, నైలాన్ జర్కిన్, గాజులు, పట్టీలు. మాటలున్న సీన్లలో గాజుల్ని మోచేతి వైపు జరిపి కనిపించని టేపు వేయండి. పట్టీల మువ్వలు తీసేసి గొలుసు ఉంచండి.

11. సెట్‌లో రోజువారీ పని

ఒక్కో జతకు ఒక్కో జిప్ కవరు. దాని మీద పాత్ర, జత నంబరు, సీన్లు. చెప్పులు, రిబ్బన్లు, ఐడీ కార్డు అన్నీ అదే కవరులో. సీను మొదలయ్యే ముందు, అయ్యాక, నటులను ముందు, వెనక, రెండు పక్కల నుంచి ఫోటో తీయండి. చేతి మడతలు, ఐడీ కార్డు ఎటు తిరిగి ఉంది, జడ ఏ భుజం మీద ఉంది అన్నవి దగ్గరగా తీయండి.

చేతిసంచిలో ఉండాల్సినవి: పిన్నీసులు, సూది దారం, విడి బొత్తాలు, జుట్టు పిన్నులు, రబ్బరు బ్యాండ్లు, రెండు వైపులా అంటే టేపు, బూట్ల లేసులు, విడి ఐడీ తాడు, టాల్కం పౌడరు, తడి తుడుపు గుడ్డలు, సుద్దముక్క. తెల్ల కాలరు మీద మేకప్ అంటితే సుద్ద రుద్దండి, ఆ షాటుకు గట్టెక్కుతారు.

12. తరచూ జరిగే తప్పులు, విరుగుడు

పేద పాత్రకు చిరుగులు, మాసికలు వేయడం. పేద ఇళ్ల పిల్లలు చాలామంది క్లాసులో అందరికన్నా శుభ్రంగా, చెంబులో నిప్పులు పోసి అయినా ఇస్త్రీ చేసుకుని వస్తారు. విరుగుడు: పేదరికాన్ని చిరుగులో కాకుండా సంఖ్యలో చూపించండి. ఆదివారం కూడా అదే ప్యాంటు.

జీన్స్ వేస్తే పొగరుబోతు, లంగా ఓణీ వేస్తే బుద్ధిమంతురాలు. ఇది మనం దశాబ్దాలుగా మోస్తున్న చెత్త. విరుగుడు: ఇద్దరి బట్టలూ ఒక సీనుకు తారుమారు చేసి చదవండి. సీను ఇంకా నిలబడితే పాత్ర బాగా రాశారు. పడిపోతే లోపం స్క్రిప్టుది, బట్టలది కాదు.

అన్నీ ఒకే కాలానివి, ఒకే నెలలో కొన్నట్టు ఉండటం. విరుగుడు: ప్రతి పాత్రకూ కనీసం ఒక వస్తువు మూడేళ్ల పాతది, ఇంకొకటి ఇంట్లో వేరేవాళ్లది ఉండాలి.

బిగుతు జీన్స్ కాలం కథలో ఇప్పటి వదులు ప్యాంట్లు. విరుగుడు: మూడో అంకెలో చెప్పిన గ్రూప్ ఫోటో.

నటుల సొంత బట్టలు తెచ్చుకోమనడం. బడ్జెట్ లేనప్పుడు తప్పదు. కానీ వాళ్లు తమకు నప్పేవే తెస్తారు, పాత్రకు నప్పేవి కాదు. విరుగుడు: నటుల బట్టలు ఒకరివి ఒకరికి మార్చండి. నవ్వకండి, చాలాసార్లు పనిచేసింది.

13. గుమ్మడికాయ కొట్టాక

షూటింగ్ అయిపోయిందని అద్దె బట్టలు తిరిగి ఇచ్చేయవద్దు, ఉన్నవాటిని ఉతకవద్దు. ఎడిటింగ్ పూర్తయ్యేదాకా ప్యాచ్‌వర్క్ భయం, అంటే తక్కువ పడిన షాట్లు మళ్లీ తీయాల్సి వస్తుందన్న భయం ఉంటుంది. కవర్లు నంబర్లతో సహా పొడిచోట పెట్టి, తడి బట్టలుంటే ఆరబెట్టి సర్దండి.

ఒక సినిమాకు ఇలాగే సర్ది పెడితే, నేను ఊళ్లో లేనప్పుడు మా ఇంట్లోవాళ్లు హాస్టల్ కుర్రాడి చొక్కాలు చూసి జాలిపడి, నీలిమందు వేసి ఉతికి, ఇస్త్రీ చేయించి పెట్టారు. రెండు రోజుల తర్వాత ప్యాచ్‌వర్క్ కబురు వచ్చింది. ఆ రాత్రంతా బకెట్లో నల్ల ప్యాంటుతో కలిపి వాటిని మళ్లీ నానబెడుతూ కూర్చున్నాను.